జయపాల్ మాస్టారి చిరుత

కంకిపాడు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన జయపాల్ మాస్టారికి చెప్పుకోదగ్గ ఘనత ఒక్కటే ఉంది. కాలేజీ రోజుల్లో నాగాయలంక దగ్గర మేనమామ ఊరికి వెళ్లినప్పుడు, తెల్లవారుతుండగా చేపల చెరువు గట్టు మీద చిరుతపులి ఎదురైంది. ఆయన గద్దించేసరికి అది తోక ముడిచింది. ఈ సంగతి పెళ్లిచూపుల్లో చెప్పాడు, స్టాఫ్ రూములో చెప్పాడు. చర్చి యువజన కూటంలో ధైర్యం గురించి మాట్లాడమంటే, సింహాన్ని చంపిన దావీదు పక్కన తననూ నిలబెట్టుకుని మరీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చిరుత కాస్త ఒళ్లు చేసేది.

దసరా సెలవులకి గన్నవరం నుంచి కూతురి పిల్లలు డయానా, సాత్విక్ వచ్చారు. విజయవాడలో ఒక కాలేజీవాళ్లు పాత లాబ్‌లో చిన్న ప్రకృతి మ్యూజియం పెట్టారని విని, ఇద్దరినీ బస్సెక్కించాడు. ఉన్నది రెండు గదులే. సీసాల్లో పాములు, పెట్టెల్లో సీతాకోకచిలుకలు, గూళ్లతో సహా పిట్టలు. పిల్లలు ఏదడిగినా తాతయ్య తడుముకోకుండా చెబుతున్నాడు. తెలియనివైతే మరింత గట్టిగా చెబుతున్నాడు.

రెండో గదిలో ఒక అద్దాల బీరువా ముందు సాత్విక్ ఆగిపోయాడు. లోపల గడ్డి కూరి నిలబెట్టిన జంతువు. బూడిదరంగు ఒళ్లు, వరసగా నల్లమచ్చలు, పొట్టి తోక. జయపాల్ అద్దానికి దగ్గరగా వంగాడు. ఆ వంగిన వీపు, చెవుల వెనక ఆ తెల్లచుక్క ఆయన మరిచిపోయేవి కావు. ఆ రోజు ఎదురైంది ఇదే. ఎత్తు మాత్రం ఆయన మోకాలు దాటలేదు.

కింద కార్డును డయానా కూడబలుక్కుని చదివింది. బావురుపిల్లి. మడ అడవుల్లో, చెరువు గట్ల మీద తిరుగుతుంది. చేపలు పట్టి తింటుంది.

"ఉత్త పిల్లేనా?" అన్నాడు సాత్విక్.

ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. మెల్లగా పాముల వైపు నడిపించేస్తే సరిపోయేది. కానీ దావీదు పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డ తనను తలచుకునేసరికి నవ్వు ఆగలేదు. మ్యూజియం చూసుకునే హరిచందన ఏమైందోనని లోపలికి వచ్చింది.

"నే చెప్పే చిరుత ఇదేనర్రా," అన్నాడు జయపాల్ కళ్లు తుడుచుకుంటూ. "నేను గద్దించిందీ లేదు, ఏమీ లేదు. అది గుర్రుమంది. నేను పరిగెత్తబోయి చెరువులో పడ్డా."

డయానా మొహం మాడ్చుకుంది. బళ్లో అందరికీ చిరుత అనే చెప్పానని, ఇప్పుడేం చెప్పాలని అడిగింది. పొద్దుటినుంచి ఆయన తడుముకున్న మొదటి ప్రశ్న అదే.

హరిచందన మాత్రం నవ్వలేదు. "నిజంగా చూశారా మాస్టారూ? ఇన్నేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నా, బతికున్నదాన్ని నేనింతవరకూ చూళ్లేదండీ."

ఆమె కుర్చీ తెచ్చి వేసి, మొదట్నుంచీ చెప్పమంది. గదిలో ఉన్న మిగతా పిల్లలూ చుట్టూ చేరారు. కల్పించి చెప్పడానికి దారి మూసుకుపోయింది కనక, ఆయన ఉన్నదే గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. దాని నోట్లో కొట్టుకుంటున్న చేప, తడిసి ఒంటికి అతుక్కున్న బొచ్చు, బురదలో ఇరుక్కుపోయిన తన చెప్పు. అది గట్టు మీదే నిలబడి తనను తీరిగ్గా చూసి, చేపను సర్దుకుని వెళ్లిపోయింది. మునిగిపోతున్నానని తను పెట్టిన కేకలకు మేనమామ పరిగెత్తుకొచ్చి, లేచి నిలబడరా అన్నాడు. నిలబడితే నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి.

పిల్లలు పడీపడీ నవ్వారు. పడ్డ దగ్గర్నుంచి మళ్లీ చెప్పమన్నారు. ఆ కథ ఆపమన్నవాళ్లే తప్ప మళ్లీ చెప్పమన్నవాళ్లు ఆయనకు అంతవరకూ తారసపడలేదు. రెండోసారి చెప్పేటప్పుడు డయానా కూడా ఆయన కుర్చీ చేతి మీదికి చేరింది.

తిరుగు బస్సులో ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. చిరుతనైతే టీవీలో అందరూ చూస్తారట, ఈ పిల్లిని చూసింది మాత్రం వాళ్ల తాతయ్యేనట. కాలవ గట్టు తుప్పల్లో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. కాసేపటికి, పాపం ఆయనకూ చూడాలని ఉంటుందనుకుందేమో, "నువ్విటు కూచుంటావా తాతయ్యా?" అని అడిగింది.

తనకు గట్టుకు దూరంగా ఉన్న సీటే బాగుందన్నాడు జయపాల్.