అక్క ఒప్పుకోని బేరం

మదనపల్లెలో నా చీరల అంగడికి వచ్చి నన్ను మాటల్లో గెలిచి వెళ్లినవాళ్లు తక్కువ. రామసముద్రం నుంచి పెళ్లి బట్టలకని దిగే గుంపులను కూడా, తామే గెలిచామనుకునేలా చేసి పంపుతాను. పుంగనూరులో మా నాయన పాత్రల అంగట్లో, ఇత్తడి బిందెల మధ్య పెరిగినవాణ్ణి. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని ఇంట్లో అనేవాళ్లు. అలాంటి నాకు చర్చిలో మాత్రం నోరు పెగలదు.

చర్చికి ఎలా వచ్చానో చెబితే దాన్ని సాక్ష్యమని ఎవరూ అనరు. పక్క అంగడి టైలర్ ఒక ఆదివారం పిలిచాడు, వెళ్లాను. మనసు నెమ్మదించినట్టనిపించింది, మళ్లీ వెళ్లాను. కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకున్నాను. నాకు రోగమేదీ నయం కాలేదు, రోగం ఉంటే కదా. తాగుడూ మానలేదు, ఆ అలవాటే లేదు. మిగతావాళ్లు లేచి కన్నీళ్లతో సాక్ష్యం చెబుతుంటే, అద్దాల బీరువాలో పెట్టడానికి ఒక్క మంచి చీరైనా లేని అంగడివాడిలా కూర్చునేవాణ్ణి.

ప్రార్థన మరీ కష్టం. మా చర్చిలో ఎవరు కళ్లు మూసుకున్నా మాటలు వాటంతటవే పారుతూ వస్తాయి. నేను రెండు వాక్యాలకే ఆగిపోతాను. ఆపైన నోటికొచ్చేదంతా బేరమే: "ప్రభువా, ఈ ఆషాఢం గట్టెక్కిస్తే ఉపవాస ప్రార్థనకు తప్పకుండా వస్తాను." ఇదేం భక్తి అని నాకే సిగ్గేసేది. అందుకే పాస్టరు అయ్యగారి చూపు పడని చోట, స్తంభం వెనక కూర్చునేవాణ్ణి. "బ్రదర్ ప్రార్థన చేస్తారు" అనే మాట వచ్చేలోపే టీ క్యాను తేవడానికి లేచేవాణ్ణి. సేవలో నా అంత చురుకైనవాడు లేడని పేరు కూడా వచ్చింది.

పోయిన ఏడాది కుప్పంలో ఉండే మా అక్కకు గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నేను చర్చికి వెళ్తున్నానని తెలిసినప్పుడు కోప్పడలేదు, మెచ్చుకోలేదు. ఆమె పూజలు ఆమెవి. ఆ సంగతి మా మధ్య ఎన్నడూ మాటకు రాలేదు. ఆపరేషన్ రోజు పొద్దున నేను ఆసుపత్రికి చేరేసరికి, ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. ముక్కుపుడక కూడా తీసేశారు. అక్కను అలా నేనెప్పుడూ చూడలేదు. బావ మందులకోసం కిందికి వెళ్లాడు.

"బయంగా ఉండాదప్పా," అంది. "గడ్డ తీసినాక అది ఎట్లాంటి గడ్డో సూస్తారంట. మీ దేవునికి ఒక మాట సెప్పు."

"అయ్యగారికి ఫోన్ సేస్తానక్కా. ఆయనైతే బాగా సేస్తాడు."

"ఆయనకు నేనెవరో తెలుసునా?"

తెలియదు. అయినా వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను. "నేనూ ఇక్కడ ప్రార్థిస్తాను బ్రదర్. ఆమె నిన్ను కదా అడిగింది, నువ్వు చెయ్యి," అని పెట్టేశారు. ఆ వార్డులో స్తంభాలు కూడా లేవు.

అక్క చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. "మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదసన్నిధికి మేము చేరియుండగా..."

"యాల అట్ల మాట్లాడతాండావు?" అంది అక్క. "మీ దేవునికి మన మాట రాదా?"

"వస్తాది."

"మల్ల మామూలుగా సెప్పు. నాక్కూడా అర్తం కావల్ల."

మళ్లీ మొదలుపెట్టాను. "సామీ, ఈమె మా అక్క. బయపడతాండాది. ఆ గడ్డ సెడ్డది కాకుండా సూడు. ఆమెను బాగుసేసి ఇంటికి పంపిస్తే, నేను ప్రతి శుక్రవారం ఉపవాసం..."

"నువ్వా?" అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "మద్యాన్నం అన్నం రవ్వంత ఆలస్యమైతే అంగట్లో అందరి మీదా అరిసేటోడివి. దేవునికాడ అబద్దమేల? ఇంకేమన్నా ఉంటే సెప్పు."

వెతుక్కున్నాను. ఇంతకుముందు ఆయనకు ఇస్తానని ఇవ్వనివి చాలానే ఉన్నాయి. అవి అక్కకు తెలియకపోవచ్చు, నాకు మాత్రం బాగా తెలుసు. ఎదుటివాడి ముందు పెట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

"ఇచ్చేదానికి ఏమీ లేదక్కా," అన్నాను.

"అయితే లేదనే సెప్పు. ఊరికే అడుగు. సిన్నప్పుడు నన్ను అడిగినావే అన్నీ, ఏమిచ్చి అడిగినావు?"

మళ్లీ కళ్లు మూసుకున్నాను. "సామీ, నాకాడ ఏమీ లేదు. మా అక్కకు తోడుండు," అన్నాను. ఆమేన్ అనడం కూడా మరచిపోయాను. స్ట్రెచర్ వచ్చేదాకా ఇద్దరం చేతులు పట్టుకుని అలాగే కూర్చున్నాం. తీసుకుపోతుంటే తల తిప్పి, "నా ముక్కుపుడక మీ బావ జేబులో ఉండాది. పోగొట్టేస్తాడు, నువ్వు తీసి పెట్టు," అంది. అది మా అక్క గొంతే.

గడ్డ చెడ్డది కాదని పరీక్షలో తేలింది. నా ప్రార్థన వల్లేనని చెప్పుకోలేను. ఎదురు మంచం ఆమె కోసం వాళ్లమ్మ నాకన్నా ఎంతో గట్టిగా వేడుకుంది, వాళ్లకు వేరే జవాబు వచ్చింది. ఎందుకో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ నేను దేవునితో బేరమాడలేదు. భక్తి తక్కువని ఇన్నేళ్లు కుమిలాను గానీ, నా దిగులంతా ఆయన ముందు పరచడానికి సరుకు లేదనే. ఆయన సరుకు చూపించమని అడిగిందెప్పుడు?

ఇంటికి పంపిన రోజు ఆటో ఎక్కబోతూ అక్క ఆగింది. "బాగైనానని మీ దేవునికి సెప్పినావా? పని అయినాక మొగం సూపించని రకం నువ్వు."

ఆటో పక్కనే నిలబడి, "మేలు సేసినావు సామీ," అన్నాను.

"అంతేనా?"

"అంతేక్కా."

"సాల్లే, ఎక్కు."

మొన్న ఆదివారం "బ్రదర్ ప్రార్థన చేస్తారు" అని అయ్యగారు అన్నప్పుడు నేను స్తంభం వెనకే ఉన్నాను. లేచి, రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. ఆ రోజు టీ కొంచెం ఆలస్యమైంది.