సున్నా పాయింట్ల నాగరాణి

మా నాగరాణి మూడేళ్ల కాలేజీ ఆటలో బుట్టలో వేసిన బంతులు ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. అయినా ఆ పిల్ల ఆట తలచుకుంటే ఇప్పటికీ నా రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నేను తాండూరులో డిగ్రీ కాలేజీ పీడీని, రెబెక్కను. ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. నా గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. ఆ సంగతి మా కాలేజీ గోడలనడిగినా చెప్తాయి. అలాంటి నా నోరు మూయించింది ఆ పిల్ల ఒక్కతే.

మొదటి ఏడాది సెలక్షన్‌కు వచ్చినప్పుడే చూశాను దాన్ని. దౌల్తాబాద్ పక్క పల్లె. ఇంట్లో గొర్లు, కొంచెం కంది చేను. బంతి చేతికిచ్చి బుట్టలో వెయ్యమన్నాను. వేసింది మహాతల్లి! బంతి బోర్డు మీదుగా ఎగిరిపోయి క్యాంటీన్ రేకుల మీద పడింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు.

“నీకు గీ ఆటెందుకే తల్లీ? పోయి ఖోఖో ఆడుకో,” అన్నాను.

ఆమె కదల్లేదు. “ఏసుడు రాదు మేడం. ఆపమంటే ఆపుత.”

“ఎవర్ని ఆపుతవే?”

“ఎవరొస్తే వాళ్లను.”

అబ్బో, ఏం పొగరు అనుకున్నాను. అదే ఏడాది చేరిన శ్రేయను పిలిచాను. శ్రేయ పరిగిలో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి, స్కూల్లో ఉన్నప్పటి నుంచే మంచి ఆటగత్తె. జర దీని సంగతి చూడమన్నాను. శ్రేయ బంతి కొట్టుకుంటూ ఎడమకు పోయింది, ఎదురుగా నాగరాణి. కుడికి తిరిగింది, నాగరాణి. గిర్రున తిరిగి వెనక నుంచి పోబోయింది, అక్కడా నాగరాణే. చెయ్యి తగిలించదు, తోయదు, ఊరికే ముందుంటుంది. చివరికి శ్రేయ బంతిని ఒళ్లో పెట్టుకుని కింద కూలబడి, “ఇది మనిషా, దయ్యమా మేడం!” అని ఆయాసంతో నవ్వింది.

“యాడ నేర్చినవే?” అని అడిగాను.

“మా ఊర్ల గీతలాట ఆడుతం మేడం. నేల మీద గీతలు గీస్తరు. గీత మీద నిలవడి అవతలోళ్లను దాటనియ్యొద్దు. నేను నిలవడ్డ గీత దాటుడు మా అన్నలతోని గూడ కాలే.”

“మరి బంతి దిక్కు చూస్తనే లేవు?”

“బంతి మోసం చేస్తది, చేతులు మోసం చేస్తయి. నడుము యాడికి వోతె మనిషి ఆడికే పోవాలె గద మేడం.”

ఆ రోజే జట్టులోకి తీసుకున్నాను. బుట్టలో వెయ్యడం నేర్పుదామని మూడేళ్లు గొంతు చించుకున్నాను. రాలేదంటే రాలేదు. మ్యాచ్‌లో ఎక్కడ అవసరమైతే అక్కడ కాసేపు దింపి మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. అయినా ఆమె ఆశ మాత్రం పెద్దది. “బీపీఎడ్ చేసి మీలెక్క పీడీనై మెడల విజిల్ ఏసుకుంట మేడం,” అనేది. యూనివర్సిటీ జట్టుకు ఆడితే ఆ సీటు రావడం తేలిక. ఆ జట్టు సెలక్టర్ల కంట పడడానికి ఆమెకు మిగిలింది చివరి ఏడాది కాలేజీల పోటీ ఫైనల్ ఒక్కటే.

ఫైనల్ వికారాబాద్ కాలేజీతో. వాళ్లకు అక్షర అనే పిల్ల ఉంది. కిందటేడు మా జట్టును ఒంటిచేత్తో ఉతికి ఆరేసింది. ఇప్పుడు ఐదుగురిని ఎంచాలి. బుట్ట కింద పొడుగు పిల్లలిద్దరు ఉండాల్సిందే, బంతి నడిపేవాళ్లిద్దరు ఉండాల్సిందే. మిగిలింది ఒక్క చోటు. శ్రేయా, నాగరాణా?

కామర్స్ చెప్పే మహిధర్ సార్ మా ప్రతి మ్యాచ్‌కూ వస్తారు. “శ్రేయ పన్నెండు పాయింట్లు ఏస్తది, నాగరాణి సున్నా. దీంట్ల ఆలోచించేదేముంది మేడం?” అన్నారు.

“శ్రేయ పన్నెండు వేస్తే అక్షర ఆమె మీద ఇరవై వేస్తది సార్. నాగరాణి ఉంటే అక్షర ఆరు దాటదు. ఇప్పుడు చెప్పండి.”

“మీరు గెలుస్తరేమో గని, ఆపినదాన్ని ఎవరు చూస్తరు మేడం? సెలక్టర్లు చూసేది పాయింట్లే. ఆ పిల్లకు మీరు మేలు చేస్తున్నరా, కీడు చేస్తున్నరా?”

నిజంగానే పరేషాన్ అయిపోయాను. చివరికి నాగరాణి పేరే చెప్పాను. శ్రేయ బూట్ల లేసులు విప్పుకుంటూ తల దించుకుంది. నాగరాణి ఆ పిల్ల వైపే చూస్తూ నిలబడింది.

ఆ మ్యాచ్ ఎలా చెప్పను! అక్షర ఆట మామూలుగా ఉండదు. ఒక చేతిలో ఉన్న బంతి కళ్లార్పేలోగా ఇంకో చేతిలో ఉంటుంది. అంత ఆటా నాగరాణి ముందు నిలిచిపోయింది. బంతి చేతికి రాకముందే ఎదురుగా ఈమె, వచ్చాక కూడా ఈమె. సగం ఆటయ్యేసరికి అక్షర విసిగిపోయి, “ఈమెను ఎవరన్న తీస్కపోండ్రి!” అని అరిచింది. మైదానమంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆటలో ఉన్నాను, ఒక మనిషి ఇంకో మనిషికి అంత అడ్డుగా, అంత మర్యాదగా నిలబడడం నేనెన్నడూ చూడలేదు.

చివరి క్షణాలు. ఒక్క పాయింటు మాకు ఎక్కువ. అక్షర దూసుకొచ్చింది. నాగరాణి చెయ్యి చాచి బంతి లాగేసుకుంది. ఎదురుగా కోర్టు మొత్తం ఖాళీ! ముందు వరసలో సెలక్టర్లు. “వెయ్యే! వెయ్!” అని పిచ్చిదానిలా అరిచాను. బుట్ట కిందికి పరుగెత్తింది, ఆగింది, ఒక్కసారి తలెత్తి చూసింది. అంతే, వెనక్కి తిరిగి మూలకు పోయి, బంతి మీదికి వంగి వాళ్లకు వీపు పెట్టి నిలబడింది. వాళ్లు వచ్చి మీద పడేలోపు ఆట ముగిసినట్టు పొడుగు విజిల్ మోగింది.

గెలిచాం. నేను మాత్రం మండిపడుతూ వెళ్లాను. “మతి ఉన్నదా నీకు? సెలక్టర్లు చూస్తుంటే ఖాళీ బుట్ట ఇడిసిపెడ్తవా?”

“పడకపోతే మేడం? బంతి వాళ్లకు పోతుండె.” ఆయాసంతో మాట రావడం లేదు దానికి. “ఆపనీకి గద నన్ను దింపింది, శ్రేయను కూసోవెట్టి. నా పేరు కోసం ఏసి ఆట ఓడగొడితే, శ్రేయకు ఏ మొకం చూపెట్టాలె?”

నీళ్ల సీసా పట్టుకొచ్చిన శ్రేయ అక్కడే ఉంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నిజం చెప్తున్నా, నా ముందున్నది నా విద్యార్థి అన్న సంగతే మరిచిపోయి దండం పెట్టబోయాను.

సెలక్టర్లు పేర్లు చదివారు. మొదటి పేరు అక్షర. చివరిదాకా నాగరాణి పేరు లేదు. సెలక్టర్లలో పెద్దాయన దగ్గరికి పోయి కొట్లాడాను.

“సున్నా పాయింట్లు మేడం. ఏమని తీసుకోవాలె?” అన్నాడాయన.

అంతలో బ్యాగు భుజాన వేసుకుని అక్షర వచ్చింది. “సార్, గామెను తీస్కోండ్రి.”

“నిన్ను ఆడనియ్యనే లేదు గదమ్మా!”

“అందుకే సార్. రోజూ ప్రాక్టీసుల గామె నా ముంగట నిలవడితె, బయటికి పోయినంక నన్నెవ్వరు ఆపలేరు.”

పెద్దాయన కళ్లద్దాలు తీసి నాగరాణిని చాలాసేపు చూశాడు. తర్వాత పెన్ను తీశాడు. “పేరేంది బిడ్డా?”

నాగరాణి నా వైపు తిరిగింది. అంత పెద్ద గొంతున్న నేను నోరు తెరిచేలోపే, మా ఇద్దరి వెనక నుంచి శ్రేయ మైదానం అదిరేలా అరిచింది.

“నాగరాణి సార్! నాగరాణి!”