రెండు అవతలికి వెళ్తే

మా అక్క పగ పాతికేళ్ళది.

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు సమీకరణాలు చెబుతూ, సమానం దాటి అవతలికి వెళ్తే గుర్తు మారుతుందన్నారు. ఎందుకని అడిగితే "అంతే" అన్నారు. బోర్డు మీద 2x = 10 వేసి అక్కని పిలిచారు. అక్క బుద్ధిగా రెండును అవతలికి పంపి, గుర్తు మార్చింది. పదిలోంచి రెండు పోతే ఎనిమిది.

"భేష్, ఎనిమిదమ్మా" అన్నారాయన. క్లాసంతా పగలబడి నవ్వింది. ఏడాది పొడుగునా అక్కకి అదే పేరు. ఆ అవమానం పడలేక బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ మనిషి పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈమధ్య కూతురి పుస్తకంలో అక్కకి అదే లెక్క కనిపించింది.

"అవతలికి ఏదీ పోదటే" అంది నాతో, చేతిలో కత్తెరతో. "చొక్కా ఒకవైపు అరంగుళం లోపలికి కుడితే రెండోవైపూ అంతే కుట్టమా? ఇదీ అంతే. ఆ ముక్క చెప్పడానికి ఆయనకి నోరు పడిపోయిందా?"

"ఇప్పుడేం చేస్తావక్కా?"

"'తప్పు నాదే' అని ఆయన నోటితోనే అనిపిస్తా. క్లాసులోనే."

రిటైరైన మాస్టారు ఇంట్లో ట్యూషన్ చెబుతున్నారు. పది ప్రైవేటుగా రాస్తానని అక్క చేరింది. తోడుగా నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఈ చోద్యం చూడకపోతే నాకు నిద్ర పట్టదు మరి. పిల్లల మధ్య ముందు బెంచీలో మోకాళ్ళు పట్టక అవస్థ పడుతూ, అక్క ఆ పాఠం కోసం మూడు వారాలు కాచుకుంది.

"అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది" అన్నారు మాస్టారు.

అక్క లేచి సుద్దముక్క అందుకుని 2x = 10 రాసింది. "మీరన్నట్టు చేస్తే ఎనిమిది వస్తుంది సార్. రెండు ఎనిమిదులు పదహారు. మనకి కావలసింది పది. ఇక్కడ రెండు x ని గుణిస్తోంది, కాబట్టి రెండువైపులా రెండుతో భాగించాలి. x అయిదు."

మాస్టారు కళ్ళజోడు తీసి చూశారు. "నువ్వా, ఎనిమిదమ్మా" అన్నారు మెల్లగా. ఎవరూ నవ్వలేదు. ఈ పిల్లలకి ఆ పేరు తెలియదు.

"నేనే సార్. తప్పు నేను చేశానా, మీరు నేర్పారా?"

"నేనే సరిగా చెప్పలేదమ్మా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. ఇక చాలు, పోదాం పదమని సైగ చేశాను.

"వెనక బెంచీకి వినపడలేదట సార్" అంది అక్క.

వెనక బెంచీలో ఉన్నది నేనొక్కదాన్నే. నాకు శుభ్రంగా వినపడింది.

ఆయన మళ్ళీ చెప్పారు.

"కూర్చుని కాదు సార్. నన్ను నిలబెట్టే కదా అన్నారు."

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మూడోసారి చెప్పారు.