ముందు సీటు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను పిడుగురాళ్ల దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో లారీ నడిపేవాణ్ణి. గుంటలో రాయి ఎత్తించుకుని, బట్టీల దగ్గర దించి రావడం నా పని. లారీ బాగా పాతది. బ్యాటరీ లేదు. ముందు హ్యాండిల్ దూర్చి తిప్పితేనే ఇంజన్ లేచేది. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు.

కొన్నిసార్లు మొదటి తిప్పుకే అందుకునేది. కొన్నిసార్లు అరచేతులు బొబ్బలెక్కేదాకా తిప్పినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. దారిలో గతుకుల దగ్గర ఒక్కోసారి దగ్గి ఆగిపోయేది. ప్లగ్గులు విప్పి తుడిచాను. పెట్రోలు గొట్టం నోటితో ఊదాను. నరసరావుపేట తీసుకెళ్లి మెకానిక్కుకు చూపిస్తే, ఆయన పదిసార్లు తిప్పాడు, పదిసార్లూ లేచింది.

"బండికేం రోగం లేదయ్యా, నీకే ఉన్నట్టుంది" అని నవ్వి పంపించాడు.

క్వారీలో పనివాళ్లకు నీళ్లు మోసే ఒకామె ఉండేది. నలభై ఏళ్లుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. ఏడాది కిందట రాయి దొర్లి కాలి మీద పడడంతో కుంటుతూ నడిచేది. అందరం అక్కా అనేవాళ్లం. బట్టీల దగ్గరి బావిలో నీళ్లు తోడి, రెండు బిందెలు కాళ్ల దగ్గర పెట్టుకుని, నా పక్కన ముందు సీటులో కూర్చుని గుంటకు వచ్చేది.

ఒకరోజు నేను హ్యాండిల్ తిప్పలేక రొప్పుతుంటే మేస్త్రీ దగ్గరికొచ్చాడు. ఆమెకు వినపడేలాగే అన్నాడు:

"ఒరేయ్, ముండమోసినదాన్ని ముందు కూకోబెట్టుకుంటే బండెట్టా లెగుద్దిరా?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాట చెవిన పడ్డాక గమనించకుండా ఉండలేకపోయాను. ఆమె ఎక్కినప్పుడు లారీ మొండికేస్తోంది. దిగిపోతే లేస్తోంది. వారం రోజులు చూశాను. అన్నిసార్లూ కాదు గానీ, ఎక్కువసార్లు అంతే. చివరికి ఒక పొద్దున ఆమె బిందెలు లారీలోకి ఎత్తుతుంటే అన్నాను:

"అక్కా, ఇయ్యాల్టి నించి నడిచి రా."

ఎందుకని ఆమె అడగలేదు. బిందెలు దించుకుంది. ఆ రోజు నుంచి ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని, ఆ కాలితో గుంటలోకి దిగి వచ్చేది. నేను లారీలో పక్కనుంచే పోయేవాణ్ణి. అటు చూసేవాణ్ణి కాదు.

పది రోజులు గడిచాయి. ఆ మధ్యాహ్నం రాతిలో బెజ్జాలు కొట్టి పేలుడు మందు కూరారు. ఈల వేస్తే అందరూ గుంట వదిలి పైకి పోవాలి. ఆ తర్వాతే వత్తి అంటిస్తారు. ఈల వినపడేసరికి నా లారీ సగం నిండి గుంట అడుగున ఉంది. పనివాళ్లు పరుగెత్తారు. మేస్త్రీ గబగబా వచ్చి ముందు సీటులో ఎక్కాడు.

"తిప్పరా, తిప్పు!"

తిప్పాను. లేవలేదు. మళ్లీ తిప్పాను. గుంట అవతలి కొస నుంచి "అంటించా" అన్న కేక వినపడింది. మా లారీ ఇంకా అక్కడే ఉందని ఆ మనిషికి తెలియదు. మేస్త్రీ ఒక్క దూకు దూకి వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

నేనూ పరుగెత్తాల్సింది. చేయి ఎందుకో హ్యాండిల్ వదల్లేదు. ఇంకొక్క తిప్పు తిప్పాను. ఇంజన్ లేచింది.

ఎక్కి, లారీని బాట మీదికి ఎక్కించాను. సగం దూరంలో ఆమె కనపడింది. బిందెలు పారేసి, చేత్తో తొడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. బ్రేకు లాగి ఆపి, తలుపు తీశాను.

"ఎక్కక్కా!"

"వద్దు, నువ్వు పో. నేనెక్కితే ఆగిపోద్ది."

కారణం ఆమెకు ముందే తెలుసన్నమాట. చేయి పట్టి లోపలికి లాగాను. ఆమె కాళ్లు కింది చెక్క మీద పడీ పడగానే ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

ఇక తిప్పే వ్యవధి లేదు. ఆమెను దించి, లారీ ముందు వైపుకు లాక్కుపోయి బానెట్టుకు ఆనుకుని ఇద్దరం ముడుచుకు కూర్చున్నాం. వెనక రాళ్ల బరువుంది, అదే అడ్డం అనుకున్నాను. మొదటి దెబ్బకు నేల అదిరింది. తర్వాత వరసగా మూడు. రాళ్లు లారీ మీద వడగళ్లలా పడ్డాయి. ఒకటి టాపు చీల్చుకుని సీటులో పడింది. నా భుజం మీద చిన్న పెచ్చు తగిలింది. ఆమెకు ఏమీ కాలేదు.

దుమ్ము సర్దుకుంది. ఆమె అంది:

"అబ్బాయ్, ఇందాక మేస్త్రీ కూకున్నప్పుడూ లెగలేదుగా?"

"లెగలేదు."

"ఆయన పెళ్లాం బతికే ఉందిగా మరి."

నేను ఆమె మొహం చూడలేక లారీ లోపలికి చూశాను. మేస్త్రీ ఉంటే లేవలేదు, దిగితే లేచింది. ఆమె కాళ్లు పెడితే ఆగింది. సీటులో పడ్డ రాయి అవతలికి తోసి, కాళ్లు పెట్టుకునే కింది చెక్క ఊడబీకాను. దాని కింద నుంచి ఇంజన్ ఆపే స్విచ్చికి పోయే తీగ ఉంది. ఆ తీగ ఇనుముకు తగిలితే చాలు, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. స్విచ్చి నొక్కితే జరిగేది అదే. తీగ మీది గుడ్డ అరిగి రాగి బయటపడింది. చెక్క మీద బరువు పడ్డప్పుడల్లా కిందికి వంగి తీగను ఇనప చట్రానికి ఆనిస్తోంది. నిండు బిందెలైనా, మనిషి కాళ్లైనా దానికి ఒకటే. నరసరావుపేటలో నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి అన్నిసార్లూ లేచింది.

నా తువ్వాలు చింపి తీగకు దట్టంగా చుట్టి, పక్కకు తప్పించి కట్టాను. చెక్క వేశాను.

"ఎక్కి కూకో అక్కా. కాళ్లు గట్టిగా అదిమిపెట్టు."

కూర్చుంది. హ్యాండిల్ ఒక్క తిప్పుకే లేచింది. పైన నిలబడ్డ అందరి ముందు నుంచీ ఆమెను ముందు సీటులోనే తీసుకుపోయాను. మేస్త్రీ తల తిప్పుకున్నాడు.

రెండు రోజులు తటపటాయించి, బట్టీల దగ్గర ఆమెతో అన్నాను, "అక్కా, నేను కూడా ఆ మాట నమ్మాను. తప్పయింది."

బావిలోకి చేద వదులుతూ ఆమె అంది, "ఊరుకో అబ్బాయ్. నేనూ నమ్మాగా. ఎవురైనా బయల్దేరుతుంటే ఇన్నేళ్లూ తలుపు చాటునే నిలబడ్డా."

బిందెలు రెండూ నేనే లారీలోకి ఎక్కించాను.