క్లారినెట్ ఏసోబు ముందు పళ్లు

2023 మాఘమాసం. పెళ్లి ముహూర్తాలు దండిగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి కొత్తపేట వైపు నడిస్తే, ఒక గాజుల షాపు పైన మొదటి అంతస్తులో నా క్లినిక్. కింద బేరాలు, పైన నా డ్రిల్లు మోత. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే పళ్లు పీకుతున్నాను, కడుతున్నాను. నాకు ఓపిక తక్కువని పేషెంట్లు అంటారు, నిజమే. చెయ్యి మంచిదని కూడా అంటారు కాబట్టి పెద్దగా పట్టించుకోను.

ఒక ఉదయం ఏసోబు గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, నోటికి అడ్డంగా కర్చీఫ్, పక్కన భార్య సారమ్మ. ఆయన బదులు ఆమే మాట్లాడింది.

"నిన్న బరాత్‌ల పండ్లు పోయినయ్ డాక్టరమ్మా."

"తాగి పడ్డారా?" అన్నాను. పెళ్లి ఊరేగింపులో ముందు పళ్లు విరిగాయంటే మాకు మొదట వచ్చే అనుమానం అదే.

"మాకు తాగుడు లేదు మేడం. ఈయన బ్యాండ్‌ల క్లారినెట్ ఊదుతడు. తాగింది పెండ్లికొడుకు దోస్తులు. ఒకడు ఎగిరెగిరి ఒచ్చి క్లారినెట్ మీద పడ్డడు. గది సీదా ఈయన నోట్లెకు గుద్దుకపోయింది."

నా నోటి దురుసుకు నేనే నాలుక కరుచుకుని ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టాను. పై దవడలో ముందుండే రెండు పెద్ద పళ్లలో ఒకటి వేరుతో సహా ఊడిపోయింది. రెండోది చిగురు దగ్గర విరిగింది, మిగిలిన వేరు నిలువునా చీలింది. ఊడిన పన్నును వెంటనే పాలలో వేసి తెస్తే ఒక్కోసారి మళ్లీ నాటవచ్చు. ఇవి కర్మన్‌ఘాట్ రోడ్డు మీద డ్యాన్స్ చేసేవాళ్ల కాళ్ల కింద ఎక్కడో పోయాయి.

"రెండు పళ్లే కదా, కట్టేద్దాం. మంచి అందమైనవి," అన్నాను.

అప్పుడు ఆయన మొదటిసారి నోరు విప్పారు. పళ్లు లేని సందులోంచి గాలి పోతుంటే మాటలు జారుతున్నాయి. "అందం ఒద్దు మేడం. ఊదుడు ఒస్తదా? గదొక్కటి చెప్పుండ్రి."

క్లారినెట్ ఊదడానికి ముందు పళ్లు ఎందుకో నాకు తెలియదు. ఆయన బొటనవేలు నోట్లో పెట్టుకుని చూపించారు. నోట్లో పెట్టుకునే భాగాన్ని మౌత్‌పీస్ అంటారు. దాని పైభాగం మీద పై పళ్లు ఆనాలి. కింది పెదవిని కింది పళ్ల మీదికి మడిచి, అడుగున ఉన్న రీడ్‌కు, అంటే సన్నటి రెల్లు పలకకు, మెత్తగా ఆనించాలి. గాలికి ఆ పలక అదిరితేనే పాట. పై పళ్లు లేకపోతే క్లారినెట్ నోట్లో నిలబడదు.

నల్గొండ దగ్గరి పల్లెలో, వాళ్ల చర్చిలో తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. ఇప్పుడు ఎల్‌బీనగర్‌లో ఒక బ్యాండ్‌లో పాట ఎత్తుకునేది ఆయనే, మిగతావాళ్లు అందుకుంటారు. బ్యాండ్ మాస్టర్ ఆ పొద్దున్నే చెప్పేశాడట: శ్రావణం ముహూర్తాల దాకా చూస్తాను, అప్పటికీ కాకపోతే కీబోర్డు పెట్టుకుంటాను అని.

"నాకు ఇంకో పని రాదు మేడం," అన్నారు ఏసోబు గారు.

ఇంప్లాంట్లు పెడదామన్నాను. ఇంప్లాంట్ అంటే పన్ను వేరు బదులు దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. దాని మీద తర్వాత పన్ను కడతాం. వినడానికి వడ్రంగం పనిలా ఉంటుంది గానీ అసలు సంగతి వేరు. ఒంట్లో ముల్లు దిగితే శరీరం ఊరుకోదు, చీము పట్టించి అయినా బయటికి తోసేస్తుంది. టైటానియాన్ని మాత్రం ఉండనిస్తుంది. ఉండనివ్వడమే కాదు, ఎముక కణాలు మెల్లగా ఆ స్క్రూ గరుకు మీదికి పాకి, అక్కడే కొత్త ఎముకై గట్టిపడతాయి. దీన్ని ఆసియోఇంటిగ్రేషన్ అంటాం, ఎముకతో కలిసిపోవడం అని. అలా కలవమని చెప్పే మందేదీ నా దగ్గర లేదు. నేను సరైన చోట పెట్టి, శుభ్రంగా కుట్టేసి, నెలల తరబడి ఊరుకుంటాను. లోపల ఎవరూ చూడకుండా ఆ పని జరిగిపోతుంది. ఎన్ని వందల సార్లు చూసినా నాకది వింతే.

కానీ ఒక చిక్కుంది. అసలు పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. అన్నంలో ఇసుక రేణువు తగిలినా మనకు తెలిసేది దాని వల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర ఉండదు. పన్ను ఆనించిన చోటు తెలియకపోతే ఊదేవాడి గతేంటి? తెలియని విషయానికి మాట ఇవ్వడం నాకు చేతకాదు.

"పళ్లు వస్తాయి, తింటారు, మాట్లాడతారు. ఊదుతారో లేదో నేను చెప్పలేను," అన్నాను.

"గట్లయితే ఎందుకు మేడం ఇంత పరేషాన్? పోనీయుండ్రి," అంటూ ఆయన లేవబోయారు.

సారమ్మ ఆయన భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టింది. "చేయుండ్రి డాక్టరమ్మా. ఊదకుంటె ఈయన మనిషి గాడు."

విరిగిన వేరు తీసేసి, పుండు మానాక సీబీసీటీ స్కాన్ తీయించాను. దవడ ఎముక లోతు, మందం అన్నివైపుల నుంచీ చూపించే ఎక్స్‌రే అది. ఎండాకాలం మొదట్లో రెండు ఇంప్లాంట్లూ పెట్టాను. పైకి బోసిగా కనపడకుండా తీసి పెట్టుకునే చిన్న పళ్ల ప్లేటు ఇచ్చి, దాంతో ఊదవద్దని గట్టిగా చెప్పాను. ఊదినా అది ఒక పక్కకు లేచిపోతుంది.

చెకప్‌కు వచ్చినప్పుడల్లా ఇంటి సంగతులు సారమ్మ చెప్పేది. బ్యాండ్‌లో ఆయనకు గిలకలు, అదే గలగలమనే మరాకస్, ఊపే పని ఇచ్చారట. పాట ఎత్తుకునే మనిషి ఇప్పుడు వెనక వరసలో నిలబడి రెండు చేతులతో గిలకలు ఊపుతున్నాడు. ఆదివారం చర్చికి పోయినా గుమ్మం దగ్గరే కూర్చుని లేచి వస్తున్నారట. "ఇంట్ల అన్నం పెట్టు, నీళ్లు ఇయ్యి, గంతే మేడం. ఇంకో మాట లేదు," అంది. ఆయన అక్కడే కూర్చుని, ఎవరి గురించో చెబుతున్నట్టు గోడ మీద ఫ్లోరైడ్ పోస్టర్ చదువుతున్నారు.

ఆ ఏడు అధిక శ్రావణం పడింది. పెళ్లిళ్లు ఇంకో నెల వెనక్కి పోయాయి. ఎముకకు అదనంగా ఆ నెల దొరికినందుకు నేను సంతోషపడ్డాను.

చిగురు తెరిచి చూసే రోజు వచ్చింది. నోట్లో పెట్టే అద్దం పిడితో ఇంప్లాంట్ మీద చిన్నగా తట్టి చూస్తాం. ఎముక పట్టకపోతే మొద్దు చప్పుడు వస్తుంది. తట్టాను. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మెత్తటి చిగురు లోపల్నుంచి అంత స్వచ్ఛమైన మోత రావడం ఎప్పుడు విన్నా నా ఒళ్లు జలదరిస్తుంది.

"శ్రుతి కలిసిందా మేడం?" అన్నారు ఆయన. ఆ మాటకు సారమ్మ నా వైపు తిరిగి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆయన వేసిన జోకట.

అసలు పళ్లు కట్టే ముందు కొన్నాళ్లు తాత్కాలిక పళ్లు పెడతాం. అవి ప్లాస్టిక్ లాంటి అక్రిలిక్‌తో చేసినవి, అరగదీసి, అతికి మార్చుకోవచ్చు. తెల్లగా, సమానంగా, సరళరేఖలా ఉన్న రెండు పళ్లు బిగించాను. సారమ్మ మురిసిపోయి, "ఇగో, పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్," అంది. మర్నాడు ఆయన నల్లటి పెట్టెతో వచ్చారు.

క్లారినెట్ బిగించుకుని నోట్లో పెట్టుకున్నారు. గాలి వదిలారు. కీచుమంది. పళ్లు జారి మౌత్‌పీస్ పక్కకు పోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ కీచు. మూడోసారి అది కూడా రాలేదు, ఉత్త గాలి. ఆయన చెంపల మీద చెమట కారుతోంది. ఎక్కడ ఆనించాలో పళ్లకు తెలియడం లేదు. నేను భయపడ్డదే అయింది.

ఆయన క్లారినెట్‌ను నా పనిముట్ల ట్రే మీద పెట్టేశారు. "చాలు మేడం. మీరు మంచిగనే చేసిండ్రు. నాకే రాసిపెట్టి లేదు. మాస్టర్‌కు చెప్పేస్త." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. సారమ్మ ఖాళీ పెట్టె మూత తెరిచి పట్టుకుని నిలబడింది.

తిరిగి ఇద్దామని క్లారినెట్ చేతిలోకి తీసుకున్నాను. కుర్చీ మీది లైటు వెలుగు మౌత్‌పీస్ మీద పడింది. నల్లటి గట్టి రబ్బరు, పైన నున్నగా ఉండాల్సిన చోట రెండు గుంటలు.

"ఇవేంటి?"

"పండ్లు ఆని ఆని పడ్డయ్ మేడం. చిన్నప్పటి సంది గిదే ఊదుతున్న."

"మార్చలేదా ఎప్పుడూ?"

"ఎందుకు మార్చాలె? నోరు దీనికి అలవాటైంది."

కళ్లకు భూతద్దాలు పెట్టుకుని చూశాను. రెండు గుంటలూ ఒకలా లేవు. కుడివైపుది లోతుగా, ఏటవాలుగా ఉంది. ఎడమది పైపైన, కొంచెం వెనక్కి ఉంది. ఒక పన్ను పొడవుగా, మెలి తిరిగి ఉంటేనే ఆ గుంట అలా పడుతుంది. పోయిన పళ్లు ఎలా ఉండేవో తెలుసుకుందామని నేను మొదట్లోనే ఫొటోలు అడిగాను. అన్ని ఫొటోల్లోనూ ఆయన నోట్లో క్లారినెట్టే. ఇప్పుడు ఆ పళ్ల అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా నా చేతిలో ఉన్నాయి. రోజూ పెదవుల మధ్య పెట్టుకుంటూ, ఏళ్ల తరబడి, తనకు తెలియకుండానే ఆయన తన పళ్లను అందులో దాచుకున్నారు.

నోటి అచ్చులు తీసే సిలికాన్ ముద్దను కలిపి ఆ గుంటల్లో నొక్కాను. గట్టిపడ్డాక ఊడదీస్తే గుంటలు ఎదురు తిరిగి రెండు అంచులుగా లేచి వచ్చాయి. ఏమీ చెప్పకుండా సారమ్మకు చూపించాను. ఆమె వేలితో కుడి అంచును తడిమింది.

"గిది ఈయన వంకర పన్ను," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా పెండ్లప్పుడు మా అక్కలు దీన్ని చూసే నవ్విండ్రు. ఏడికెల్లి తెచ్చిండ్రు మేడం దీన్ని?"

ఏసోబు గారిని మళ్లీ కుర్చీలో పడుకోబెట్టాను. ఇంత ముచ్చటగా చేసిన కుడి పన్నుకు అక్రిలిక్ అతికి పొడుగు చేశాను, మెలి తిప్పాను. ఎడమదాన్ని వెనక నుంచి అతికి ముందు అంచు అరగదీశాను. కొంచెం గీకడం, మౌత్‌పీస్ మీద ఆనించి చూడడం, మళ్లీ గీకడం. బయట పేషెంట్లు గడియారం చూసుకుంటున్నారు. నేను చూడలేదు. చివరికి రెండు పళ్లూ గుంటల్లో టక్కున కూర్చున్నాయి. ఆయన అలాగే ఉండిపోయారు. కళ్లు మాత్రం పైకి, నా మొహంలోకి చూశాయి.

"కూర్చుని ఊదండి," అన్నాను.

మొదటి స్వరం వణికింది. కానీ స్వరమే, కీచు కాదు. ఊపిరి తీసుకుని మళ్లీ పట్టుకున్నారు. ఈసారి అది నిలబడింది, గది నిండింది, అక్కడి నుంచి మెల్లగా ఏదో ప్రార్థన పాటలోకి నడిచింది. సారమ్మ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. బయట పన్ను నొప్పితో చెంప పట్టుకుని కూర్చున్న ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి, ఎందుకొచ్చిందో మర్చిపోయినట్టు నిలబడింది.

పాట మధ్యలో ఆయన ఆపారు. "నెత్తిల మోగుతుంది మేడం," అన్నారు. "పండ్లు ఉన్నప్పుడు పాట పండ్లలకెల్లి నెత్తిలకు ఎక్కేది. గిన్ని రోజులు బయట ఎవలో ఊదుతుంటె చెవులతోని ఇన్న, గంతే. గిప్పుడు మళ్ల లోపల మోగుతుంది."

"మళ్లీ ఊదండి," అని, గ్లవ్ తీసేసి ఆయన ముక్కు పక్కన, చెంప ఎముక మీద వేలు ఆనించాను. స్వరం ఎత్తగానే ఎముక సన్నగా అదిరింది. స్వరం కిందికి దిగితే అదురు దిగింది, ఎక్కితే ఎక్కింది. పొర లేదు, స్పర్శ ఉండదని నేను చదువుకున్నాను. ఆ చదువు అబద్ధమేమీ కాదు. కానీ పళ్లలోంచి స్క్రూల్లోకి, స్క్రూల్లోంచి వాటిని పట్టుకున్న కొత్త ఎముకలోకి, అక్కడి నుంచి మనిషిలోకి పాట పోతూ ఉంది. నా వేలి కింద పోతూ ఉంది. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

శ్రావణం ముహూర్తాలకు బ్యాండ్ ముందు వరసలో ఆయనే నడిచారు. తర్వాత పింగాణీ లాంటి గట్టి జిర్కోనియా పళ్లు కట్టే సమయానికి లాబ్ టెక్నీషియన్ ఫోన్ చేసి, కుడి పన్ను వంకరగా వచ్చింది, సరిచేయనా అని అడిగాడు. ముట్టుకుంటే ఊరుకోనని చెప్పాను.

ఈ కేసు నాకు నేర్పిందేమిటంటే, పన్ను కట్టేముందు మనిషిని అడగాలని. ఈ పళ్లతో మీరేం చేస్తారు అని ఇప్పుడు అందర్నీ అడుగుతాను. తింటాం అని నవ్వుతారు. ఇంకా? అంటాను. అప్పుడు టైలర్ దారం కొరుకుతానంటాడు. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో వేలం పాట పాడే ఆయన అంకె తప్పుగా పలికితే కొట్లాట అవుతుందంటాడు. ఆ జవాబు విన్నాకే అచ్చు తీస్తాను.

ఏసోబు గారు చివరి చెకప్‌కు వచ్చినప్పుడు లేచి చెప్పులేసుకుంటూ ఆగారు. "మేడం, గీ లోపలి స్క్రూలు ఎప్పుడన్న ఊడి ఒస్తయా?"

"పైన పన్ను విరిగితే ఇంకోటి కడతాను. లోపలిది ఎముకలో కలిసిపోయింది. పెట్టిన నేనే తిప్పినా రాదు."

ఆయన నాలుకతో రెండు పళ్లనూ తడిమి చూసుకున్నారు.

"అంటే ఇగ గియ్యి నాయే," అన్నారు.

"మీవే," అన్నాను.