ఎడమవైపు నాది

ఆమెతో డబుల్స్ ఆడడం మొదలుపెట్టిన కొత్తలో నా భయమంతా నా గురించే. హనుమకొండలో కాలేజీ రోజుల్లో షటిల్ ఆడినదాన్ని. పెళ్ళయి అమెరికాలో పార్సిప్పనీ వచ్చాక, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుము పట్టేస్తోందని మళ్ళీ రాకెట్ పట్టుకున్నాను. ఆమె టర్కీ దేశం తరఫున ఆడిన మనిషి. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో, గోడౌన్‌ని మార్చి కట్టిన బ్యాడ్మింటన్ హాల్లో కోచ్. ఒక సాయంత్రం నా ఆట కాసేపు నిలబడి చూసి, "నాతో టోర్నమెంట్ ఆడతావా?" అంది.  అంతటి ప్లేయర్ పక్కన నిలబడి నవ్వులపాలవుతానని ఏవో వంకలు చెప్పి తప్పించుకున్నాను. ఆమె వదల్లేదు.

నాకంటే కొంచెం పెద్దది. వాళ్ళ భాషలో అక్కని 'అబ్లా' అంటారని చెప్పాక అలాగే పిలిచేదాన్ని. నన్నేమో 'జానిమ్' అనేది. ప్రాణమా అని అర్థమట. ఇంగ్లీషులో మాట్లాడుకుంటూనే మధ్యలో ఈ రెండు మాటలూ వాడుకునేవాళ్ళం.

ప్రాక్టీస్‌లో ఆమె పెట్టిన నియమం ఒక్కటే. "ఎడమవైపు వచ్చిందల్లా నీది. నాకు దగ్గరగా ఉన్నా సరే, నువ్వే రావాలి." పెద్ద ఆటగాళ్ళ ఎత్తుగడ ఏదో అయ్యుంటుందనుకున్నాను. ఒక్కోసారి షటిల్ ఆమె ఎడమ భుజాన్ని రాసుకుంటూ పోయినా తల తిప్పేది కాదు. నేను వెనకనుంచి పరిగెత్తుకొచ్చి తీసేదాన్ని. ఆట అయ్యాక నేను పక్కన పెట్టిన టీ కప్పుని మోచేత్తో పడేసి, "అయ్యో, ఎప్పుడు పెట్టావ్?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

టోర్నమెంట్ ఎడిసన్ టౌన్ వైపు. శనివారం పొద్దున్నే ఆమె కార్‌లో బయల్దేరాం. నాకు హైవే మీద డ్రైవ్ చేయాలంటే హడల్. ఆఫీస్‌కి కూడా లోపలి రోడ్లు పట్టుకునే పోతాను. అందుకని హాయిగా పక్క సీట్లో కూర్చుని అరటిపండు తింటున్నాను. ర్యాంప్ ఎక్కి 287 హైవేలో కలుస్తున్నాం. ఎడమ లేన్‌లో పొడవాటి ట్రక్కు ఒకటి మా వెనకనుంచి వస్తోంది. ఆమె ఇండికేటర్ వేసింది. ట్రక్కు పోయేదాకా ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. జరుగుతూనే ఉంది. చూస్తుండగానే ఆమె కిటికీ అద్దం నిండా ట్రక్కు చక్రమే.

"అబ్లా! ట్రక్కు! అబ్లా!"

ఆమె ఉలిక్కిపడి స్టీరింగ్ కుడికి తిప్పేసింది. ట్రక్కు హారన్ మా పక్కనుంచి అరుచుకుంటూ ముందుకి పోయింది. కారు రోడ్డు అంచున ఉన్న గరుకు గీతల మీద దడదడలాడి ఆగింది. నా నోట్లో అరటిపండు అలాగే ఉంది. మింగుడుపడటం లేదు, ఉమ్మలేకపోతున్నాను.

"చూళ్ళేదా?" అన్నాను కాసేపటికి.

ఆమె రెండు చేతులూ ఇంకా స్టీరింగ్‌నే పట్టుకున్నాయి.

"అబ్లా, నీకు ఎడమ కన్ను కనిపించదు కదూ?"

"కనిపిస్తుంది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కన ఉన్నది కనిపించదు," అంది.

తర్వాతి ఎగ్జిట్‌లో దిగి గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపాం. అక్కడే చెప్పింది. వాళ్ళది టర్కీ నడిమధ్యన, అనటోలియాలో గోధుమ చేల మధ్య చిన్న టౌను. స్కూల్లో డ్రిల్లు మాస్టారు చేతికి రాకెట్ ఇచ్చాడు. పద్నాలుగేళ్ళకే అంకారాలో క్రీడాకారుల హాస్టల్లో చేర్చారు. అక్కడ నల్లసముద్రం ఒడ్డునుంచి వచ్చిన ఒక పొడుగమ్మాయిని ఆమెకు జోడీగా వేశారు. ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఏళ్ళ తరబడి ఒకే జోడీ. బస్సుల్లో, ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో నిద్రపోతూ, ర్యాంకింగ్ పాయింట్ల కోసం బల్గేరియా నుంచి పోర్చుగల్ దాకా తిరిగారు. దేశంలో ఛాంపియన్లయ్యారు. ఒలింపిక్స్‌కి కొద్దిలో తప్పిపోయారు. మళ్ళీ ప్రయత్నిస్తున్న ఏడాదే, ప్రాక్టీస్‌లో ఎవరో కొట్టిన స్మాష్ వచ్చి ఎడమ కంటికి తగిలింది.

"కంట్లో రక్తం గడ్డకట్టింది. కొన్నాళ్ళకి తగ్గింది. కానీ పక్కన నీడలా ఏదో మిగిలిపోయింది. చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారు. ఒక్క నా జోడీకే చెప్పాను."

ఆ జోడీ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు వచ్చిన ప్రతి షటిల్‌కీ "నాది!" అని అరుస్తూ అడ్డం వచ్చేదట. ఆమె కళ్ళ బదులు ఆ అమ్మాయి కాళ్ళు పరిగెత్తేవి. అలా రెండు సీజన్లు ఆడారు. తర్వాత మోకాళ్ళు అరిగిపోయాయని ఆ అమ్మాయి ఆట మానేసింది. ఇంకొకరితో ఆడే ధైర్యం లేక ఈమె కూడా మానేసింది.

"పద, లేటవుతుంది," అని లేచింది. నేను కీస్ తీసుకున్నాను. చెమట పట్టిన చేతులతో, కుడి లేన్ వదలకుండా, ఎడిసన్ దాకా డ్రైవ్ చేశాను.

ఆడకుండా వెనక్కి వెళ్ళిపోదామంటే వినలేదు. "ఇన్నాళ్ళకి మళ్ళీ కోర్టెక్కుతున్నాను జానిమ్. ఒక్క మ్యాచ్," అంది. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను.

అవతలివైపు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. దెబ్బలు తుపాకీ గుండ్లలా ఉన్నాయి. అంతకుముందు ఓడిపోతానేమోనని భయపడేదాన్ని. ఆ రోజు స్కోరు ఎంతో కూడా నాకు తెలీదు. వాళ్ళు రాకెట్ ఎత్తినప్పుడల్లా నా కళ్ళు షటిల్ మీద లేవు, ఆమె ముఖం మీదున్నాయి. మొదటి గేమ్ మేమే గెలిచామట. రెండో గేమ్ మధ్యలో ఆమె నెట్ దగ్గర ఉండగా స్మాష్ వచ్చింది. ఎడమ చెవి పక్కగా గాలిని కోసుకుంటూ పోయింది. ఆమె రెప్ప కూడా వేయలేదు. దాన్ని చూడనే లేదు.

 సర్వీస్ చేయబోతున్న అమ్మాయికి చెయ్యెత్తి చూపించాను. నెట్ దగ్గరికి వెళ్ళి, "సారీ, మేము రిటైర్ అవుతున్నాం, ఇక ఆడం," అని చెప్పి రాకెట్ కింద పెట్టేశాను.

"ఏం చేస్తున్నావు?" అంది నా వెనకనుంచి.

"నావల్ల కాదు అబ్లా. భయమేస్తోంది."

"గెలుస్తున్నాం!"

"నీకు కన్ను పోతే?"

"నా జోడీ ఎప్పుడూ ఇలా చేయలేదు," అంది. గట్టిగా కూడా అనలేదు. తిరుగుదారిలో నేను డ్రైవ్ చేస్తుంటే, దారిపొడవునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళింటి ముందు కారు ఆపి కీస్ ఇచ్చినప్పుడు థ్యాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పి ఏడ్చాను. "నువ్వు చేసింది రైటే. ఊకో," అన్నాడు. అయినా కుదుటపడలేదు. ఆమె ఒక్కతే కారు తీసుకుని ఎక్కడికైనా వెళ్తోందేమోనని ఆఫీస్‌లో మీటింగుల మధ్య కూడా గుండె దడదడమనేది. అంబులెన్స్ సైరన్ వినిపిస్తే ఆ హాల్‌కి ఫోన్ చేసి, ఆమె గొంతు విని పెట్టేసేదాన్ని.

కొన్నాళ్ళకి ఆమే ఫోన్ చేసింది. "పొద్దున కుడి కన్ను మూసుకుని చూశాను. గోడ మీద గడియారం సగమే ఉంది. ఇదివరకు మొత్తం కనిపించేది."  "నాతో డాక్టర్ దగ్గరికి వస్తావా?"

పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పాత దెబ్బ వల్ల కంట్లో నీరు బయటికిపోయే దారి పాడైంది. లోపల ఒత్తిడి ఏళ్ళ తరబడి పెరుగుతూ నరాన్ని తినేస్తోంది. గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన కాస్తా నిలవాలంటే ఆపరేషన్ త్వరగా చేయాలి. అబ్లా బుద్ధిగా తలూపుతూ వింది. లిఫ్ట్‌లో నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు మా ఇంట్లోనే ఉంది. చుక్కల మందు నేనే వేసేదాన్ని. ఎక్కువ పడిందేమో, తక్కువైందేమో, చెయ్యి తగిలిందేమో అని ప్రతిసారీ హడలిపోయేదాన్ని. అలా ఉండగా ఒక మధ్యాహ్నం వాళ్ళ దేశంనుంచి వీడియో కాల్ వచ్చింది. ఫోన్‌లో నెరిసిన జుట్టు, పొడుగు ముఖం. పాత జోడీ అని చూడగానే తెలిసింది. వాళ్ళు టర్కిష్‌లో మాట్లాడుకుంటుంటే లేచి వెళ్ళబోయాను. అబ్లా కూర్చోమంది. పాత జోడీ చెప్పేది నాకు ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది. అంతలో ఆమె ఏదో అంది. అబ్లా గతుక్కుమని ఆగిపోయింది.

"ఏమంది?" అన్నాను.

"మోకాళ్ళు బాగానే ఉండేవట," అంది అబ్లా. "రెండేళ్ళు ప్రతి మ్యాచ్‌కి ముందు బాత్రూమ్‌లో వాంతి చేసుకునేదట. ఇక భయపడలేక, అబద్ధం చెప్పి మానేసిందట."

ఫోన్‌లో ఆమె ఏడుస్తోంది. అబ్లా ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పకపోయినా, నాకెందుకో భయమేసి టిష్యూ పట్టుకుని ఆ కంటి దగ్గరే నిలబడ్డాను.  అబ్లా ఆమెతో టర్కిష్‌లో ఒక్క మాటే అంది. అదేంటో నాకు చెప్పలేదు. అవతలి మనిషి కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఇప్పుడు అబ్లా మళ్ళీ కోచింగ్ చేస్తోంది, కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకుని. మ్యాచ్‌లు మానేసింది. దగ్గరి రోడ్ల మీద డ్రైవ్ చేయొచ్చన్నారు. హైవే ఎక్కాల్సి వస్తే నన్ను పిలుస్తుంది. నేను వెళ్తాను. ట్రక్కు పక్కకొస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. చెకప్‌లో కంటి ఒత్తిడి కొలుస్తున్నప్పుడు నేను కుర్చీలో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడతాను. పోయినసారి బాగానే ఉందన్నారు. బయటికొచ్చి పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని, ఆమె తెచ్చిన నువ్వుల రొట్టె ఇద్దరం తుంచుకుని తిన్నాం. "వచ్చేసారి?" అన్నాను. "వచ్చేసారి కూడా నువ్వే రావాలి," అంది.