బిల్లీకి చిప్

మాకు హైదరాబాద్ బదిలీ అయింది. అక్కడ దొరికిన అద్దె ఫ్లాటులో, పెంచుకునే పిల్లికి చిప్ తప్పనిసరి అన్నారు. చిప్ లేని పిల్లిని గేటు దగ్గరే ఆపేస్తారట. మనుషులకి ఆధార్ చాలు.

మా అత్తగారికి చెబితే, "చిప్పేంది? రోజూ కొబ్బరిచిప్పలోనేగా పాలు పోసేది" అన్నారు. ఇది వేరే చిప్పు, బియ్యపు గింజంత ఉంటుంది, సూదితో మెడ తోలు కింద పెడతారు అని చెప్పాను. "ఏం పాపం చేసిందే అది?" అని లేచి వెళ్లిపోయారు.

అసలు ఆ పిల్లి సగమే మాది. నరసరావుపేటలో మా పక్కిల్లు ఒక మెకానిక్‌ది. ఆయన భార్యని వీధంతా ఖాలా అంటుంది. పిల్లి మా ఇంట్లో పడుకునేది, ఆమె దగ్గర తినేది. మాకు పిల్లి, ఆమెకు బిల్లీ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, ఇది రెండిళ్లలోనూ కళ్లు తెరుచుకునే తాగేది.

దాన్ని తీసుకెళ్తున్నామని ఖాలాకి చెప్పడానికి భయపడి కొన్ని రోజులు వాయిదా వేశాను. తీరా చెబితే, చిప్ మాట వినగానే ఆమె మొహం విప్పారింది. "అట్టయితే తీసకపోండి" అంది. ఏడుస్తుందనుకున్న మనిషి అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు ఒళ్లు మండింది.

పశువుల ఆస్పత్రికి ఆమే పిల్లిని ఒళ్లో పెట్టుకుని మాతో ఆటోలో వచ్చింది. డాక్టరు సూది తీయగానే తన ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"దీంట్లో కలపండి సార్. అది యాడ తిరుగుతుందో రోజూ చూసుకుంటా."

"ఎక్కడుందో చూపించదమ్మా. అందులో ఒక నంబరుంటుంది, అంతే. తప్పిపోయి ఎవరికైనా దొరికితే, మిషను పెట్టి చూసి ఓనరుకి ఫోన్ చేస్తారు."

ఖాలా ఫోన్ వెనక్కి తీసుకుంది.

"తప్పిపోతేనే ఫోనొస్తదా? అది తప్పిపోవాలని దువా చెయ్యలేను గదా సార్" అంది.

డాక్టరు ఫారం తీశాడు. ఓనరు పేరు, ఫోన్ నంబరు చెప్పమన్నాడు. నేను ఖాలా పేరు చెప్పాను, ఆమె నంబరే ఇచ్చాను.

"నా నంబరెందుకు అమ్మాయ్? అది ఉండేది మీ కాడ గదా."

"కాదు ఖాలా, దాన్ని తీసుకెళ్లం. ఇక నీ దగ్గరే" అన్నాను.

సూది గుచ్చితే పిల్లి కిక్కురుమనలేదు. నేనే ఏడ్చాను.